కారు ఏల మొరాయించును? హ్యాండిలు నుండి సెల్ఫు వరకు

ఆవిరియంత్రమునకును పెట్రోలు ఇంజనుకును ఒక ముఖ్యమైన భేదము కలదు. బాయిలరులో ఆవిరి సిద్ధముగా నున్నచో, కవాటము తెరచినంతనే ఆవిరియంత్రము కదలును. పెట్రోలు ఇంజను అట్లు కాదు. నడచుచున్నంతసేపు అది ఎంతటి బరువునైనను లాగును గాని, ఒకసారి ఆగిన పిమ్మట తనంతట తాను ఒక్క చుట్టైనను తిరుగజాలదు. సిలిండరులోనికి గాలిని, పెట్రోలు ఆవిరిని పీల్చుటకు పిస్టను క్రిందికి దిగవలెను. ఆ మిశ్రమమును నొక్కుటకు మరల పైకి లేవవలెను. అపుడు సరియైన క్షణమున నిప్పు అంటుకొనవలెను. ఇంతవరకు జరిగిన పిమ్మటనే ఇంజనుకు సొంత బలము వచ్చును.

కావున ఇంజను నిర్మాతలకు మొదటినుండియు రెండు ప్రశ్నలు ఎదురైనవి. మొదటి చుట్టును తిప్పునదెవరు? మొదటి నిప్పును రాజేయునదేది? ఈ ప్రశ్నలకు సుమారు ఏబది సంవత్సరములపాటు వెదకిన సమాధానములే పాత కారు బానెట్టు క్రింద ఒకదాని ప్రక్క ఒకటి అమరియున్నవి. అట్టి కారు ఒక ఉదయమున మొరాయించినచో, ఆ సమాధానములలో ఏదియో ఒకటి తప్పిపోయినదని అర్థము. అది ఏదో కనుగొనుటకు వాటి చరిత్ర తెలిసియుండుట మిక్కిలి ఉపకరించును.

నిప్పు సమస్య

1831లో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణమును కనుగొనెను. ఒక తీగచుట్టలో ప్రవహించు విద్యుత్తును హఠాత్తుగా ఆపినచో, దాని ప్రక్కనున్న మరియొక చుట్టలో క్షణకాలము వోల్టేజి పుట్టును. ఈ రెండవ చుట్టలో తీగను వేల చుట్లు చుట్టినచో ఆ వోల్టేజి వేల వోల్టులకు పెరిగి, గాలిలో నిప్పురవ్వగా దూకును. ప్రవాహమును తెంచు చోట మెరుపు పుట్టి కొంత శక్తి వ్యర్థమగుచుండెను. 1853లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫీజో అచ్చట ఒక కండెన్సరును చేర్చి ఆ నష్టమును తగ్గించెను. ఆ కండెన్సరు వంద సంవత్సరముల పిమ్మటకూడ ప్రతి కారులోను అదే పని చేయుచుండెను.

1860లో పారిస్ నగరమున లెన్వార్ తన గ్యాసు ఇంజనులో బ్యాటరీని, ప్రేరణచుట్టను ఉపయోగించి విద్యుత్తుతోనే నిప్పు రాజేసెను. కాని నాటి బ్యాటరీలు నమ్మదగినవి కావు. అందుచేత జర్మనీలో ఆటో 1876నాటి తన నాలుగు ఘాతముల ఇంజనులో చిన్న మంటను వాడెను. డైమ్లర్ బయట దీపముతో ఎర్రగా కాల్చిన గొట్టమును సిలిండరుకు అమర్చెను. పెట్రోలు ప్రక్కనే మండుచున్న దీపమును పెట్టుకొని ప్రయాణించుట ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంటు కోరిన మూడుచక్రముల బండిలో మరల విద్యుత్తునే ఎన్నుకొనెను. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు సుమారు 100 కిలోమీటర్ల దూరము ఈ బండిపై ప్రయాణించెను. త్రోవలో పెట్రోలు గొట్టము పూడుకొనగా టోపీ పిన్నుతో శుభ్రపరచెననియు, నిప్పురవ్వకు విద్యుత్తును కొనిపోవు తీగ పైతొడుగు అరిగిపోగా తన మేజోడు పట్టీని చుట్టి కాపాడెననియు ప్రతీతి. మోటారుబండి చరిత్రలో తొలి దూరప్రయాణమున తొలి విద్యుద్దోషము కూడ కనిపించినది. అది గొప్ప యంత్రభాగమేమియు కాదు, తొడుగు ఊడిన ఒక తీగ మాత్రమే. నాటినుండి నేటివరకు ఈ విషయము పెద్దగా మారలేదు.

బ్యాటరీతో పని లేకుండ నిప్పురవ్వను పుట్టించు సాధనము మాగ్నెటో. స్టుట్‌గార్ట్ నగరమున రాబర్ట్ బోష్ 1897లో దీనిని మోటారుబండికి అనువుగా మార్చెను. ఆయన సహచరుడు గాట్లోబ్ హోనోల్డ్ 1902లో అధిక వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్కుప్లగ్గును రూపొందించెను. మాగ్నెటోలో అయస్కాంతము నడుమ తిరుగు చుట్టయే విద్యుత్తును పుట్టించును. వేగముగా తిరిగినచో మంచి రవ్వ వచ్చును, మెల్లగా తిరిగినచో బలహీనమైన రవ్వ వచ్చును. ఇంజనును ప్రారంభించు సమయమున అది తిరుగునది మెల్లగానే కదా! అనగా రవ్వ మిక్కిలి అవసరమైన క్షణముననే మాగ్నెటో బలహీనముగా నుండెను. మంచి రవ్వ రావలెనన్న తిప్పువాని చేతికి బలముండవలెను.

చేయి విరిచిన హ్యాండిలు

ఆ చేతిలోని సాధనమే హ్యాండిలు. కారు ముందుభాగమున దానిని దూర్చి, ఇంజను ఇరుసును చేతితో తిప్పెడివారు. దీనిలో శ్రమ కంటె అపాయమే ఎక్కువ. పిస్టను పైకి పూర్తిగా చేరకముందే రవ్వ పడినచో, మండిన వాయువు దానిని వెనుకకు నెట్టును. అపుడు హ్యాండిలు ఎదురు తిరిగి తిప్పువాని చేతిని కొట్టును. ఈ ఎదురుదెబ్బకు మణికట్టు, ముంజేయి విరిగినవారు అనేకులు. అందుచేతనే బ్రొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ వైపుననే ఉంచి పట్టుకొనవలెననియు, హ్యాండిలును క్రిందికి త్రోయక పైకి లాగవలెననియు, రవ్వ పడు సమయమును మీటతో వెనుకకు జరిపిన తరువాతనే తిప్పవలెననియు డ్రైవర్లకు నేర్పెడివారు.

ఈ కష్టము వలన కారు బలవంతుల వాహనమైపోయెను. అమెరికాలో హ్యాండిలు అక్కరలేని బ్యాటరీ కార్లను ప్రత్యేకముగా స్త్రీల కొరకు ప్రకటించి అమ్ముటకు ఇదియొక కారణము.

కొట్టములో పుట్టిన సెల్ఫు

ఈ రెండు ప్రశ్నలకును ఒకే మనుష్యుడు ఆచరణయోగ్యమైన సమాధానము చెప్పెను. అతడు ఒహాయో రాష్ట్రమునకు చెందిన ఛార్లెస్ కెటరింగ్. జననము 1876. డేటన్ నగరములో దుకాణముల క్యాషు రిజిష్టర్లు చేయు కంపెనీలో పనిచేయుచు, హ్యాండిలు త్రిప్పి తెరువవలసిన రిజిష్టరుకు అతడు చిన్న విద్యుత్తు మోటారును అమర్చెను. తరువాత ఎడ్వర్డ్ డీడ్స్ అను మిత్రునితో కలసి అతని ఇంటి వెనుక కొట్టములో మోటారుబండి పరికరములపై పరిశోధనలు సాగించెను. ఇరువురును 1909లో స్థాపించిన సంస్థ పేరు డెల్కో.

మొదటి ఫలితము నిప్పురవ్వ పరికరము. అంతకు మున్ను అనేక కార్లలో వణకుచుట్టలు రవ్వల ధారను కురిపించుచు బ్యాటరీలను త్వరగా ఖాళీచేయుచుండెను. కెటరింగ్ పద్ధతిలో ప్రతి మండింపునకు సరియైన క్షణమున ఒక్క రవ్వయే పడును. 1910నాటి క్యాడిలాక్ కార్లలో ఇది ప్రవేశించెను. ఫ్రాన్సు, స్పెయిన్ దేశములలో రవ్వను సిలిండర్లకు పంచు డిస్ట్రిబ్యూటరును సామాన్య భాషలో నేటికిని ‘డెల్కో’ అనియే పిలుతురు.

రెండవది స్టార్టరు మోటారు. విద్యుత్తుతో ఇంజనును తిప్పవలెనన్న ఆలోచన క్రొత్తది కాదు. అమెరికాలో క్లైడ్ కోల్మన్ 1903లోనే ఒక పేటెంటు పొందెను. కాని అంత బరువైన ఇంజనును తిప్పుటకు పెద్ద మోటారు కావలెననియు, అది కారులో పట్టదనియు అనేకుల అభిప్రాయము. క్యాషు రిజిష్టరు అనుభవము కెటరింగ్‌కు వేరొక సత్యమును నేర్పియుండెను. గంటలకొలది పనిచేయు మోటారు వేడెక్కి కాలిపోకుండ పెద్దదిగా నుండవలెను. కొన్ని క్షణములు మాత్రమే పనిచేసి విశ్రమించు మోటారు చిన్నదైనను, దానిగుండ మిక్కిలి పెద్ద ప్రవాహమును పంపవచ్చును. వేడెక్కులోపల పని ముగియును.

1911 ఫిబ్రవరిలో ఈ సాధనము క్యాడిలాక్ అధిపతి హెన్రీ లీలాండ్ ఎదుట పనిచేసి చూపినది. 1912నాటి క్యాడిలాక్ కార్లలో ఇది అందరికిని లభించినది. అందులో ఒకే యంత్రము ప్రారంభమున మోటారుగాను, ఇంజను నడచుచున్నపుడు డైనమోగాను పనిచేయుచుండెను. ప్రారంభమునకు 24 వోల్టులు, దీపములకును బ్యాటరీ నింపుటకును 6 వోల్టులు వాడిరి. 1915లో కెటరింగ్‌కు పేటెంటు లభించెను. ఫోర్డు మోడల్-టి కారుకు 1919 నుండి సెల్ఫు లభ్యమయ్యెను. స్త్రీలును, వృద్ధులును నిర్భయముగా కారు నడుపగలిగిరి. చిత్రమేమనగా, ఈ విద్యుత్తు మోటారే నాటి బ్యాటరీ కార్లు వెనుకబడిపోవుటకు ఒక కారణమయ్యెను.

హ్యాండిలు మాత్రము వెంటనే మాయము కాలేదు. మన దేశమున 1950ల చివరినుండి 2014 వరకు తయారైన అంబాసిడరు కారుకు సెల్ఫుతోపాటు హ్యాండిలు దూర్చు ఏర్పాటును చాలకాలము ఉంచిరి. తెలుగునాట డ్రైవర్లు స్టార్టరు మోటారును ‘సెల్ఫు’ అనియే పిలుచుచు వచ్చిరి. తానే తిరుగునది అను అర్థము ఆ పేరులో నిలిచియున్నది.

ఒక బ్యాటరీ, రెండు మార్గములు

పాయింట్లు గల పాత కారులో బ్యాటరీనుండి రెండు విభిన్న మార్గములు బయలుదేరును. మొదటిది లావుపాటి తీగల మార్గము. అది బ్యాటరీనుండి సోలినాయిడు మీటకు, అచ్చటనుండి స్టార్టరుకు పోవును. స్టార్టరునుండి ఇంజను లోహముగుండ, ఇంజనును బాడీని కలుపు అల్లిక తీగగుండ, విద్యుత్తు బ్యాటరీకి తిరిగి చేరును. ఇందులో 150 ఆంపియర్లు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువ ప్రవహించును.

రెండవది సన్నని తీగల మార్గము. అది తాళపు స్విచ్చినుండి కాయిలు ప్రాథమిక చుట్టకు, అచ్చటనుండి డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లకు పోవును. ఇందులో ప్రవాహము మూడు నాలుగు ఆంపియర్లే. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు ఈ పాయింట్లు సెకనుకు 100 మార్లు విడిపోవలెను. విడిపోయిన ప్రతిసారియు కాయిలు ద్వితీయ చుట్టలో పదివేల వోల్టులకు మించిన పీడనము పుట్టి ప్లగ్గు వద్ద రవ్వగా మారును.

మొదటి మార్గము చేతికి బదులుగా వచ్చినది. రెండవది డైమ్లర్ దీపమునకు బదులుగా వచ్చినది. కావున దోషము కనుగొనువాడు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న, “ఇంజను తిరుగుట లేదా, లేక తిరుగుచు అంటుకొనుట లేదా?” తిరుగనిచో లావు తీగలను, తిరిగియు అంటుకొననిచో సన్నని తీగలను, పిమ్మట పెట్రోలును పరీక్షింపవలెను. ఈ ఒక్క ప్రశ్నతో పని సగమునకు తగ్గును.

దీపము చెప్పు అబద్ధము

తాళము త్రిప్పగా ‘టక్’ మని చప్పుడు వచ్చి ఇంజను కదలలేదనుకొందము. హెడ్‌లైట్లు మాత్రము కాంతివంతముగా వెలుగుచున్నవి. “దీపములు వెలుగుచున్నవి గనుక బ్యాటరీ బాగున్నది, సెల్ఫే చెడినది” అని చాలమంది నిశ్చయించి క్రొత్త స్టార్టరును కొందురు. క్రొత్తదియు తిరుగదు. డబ్బు వృథాయగును. దోషము ఎచ్చట?

ఓమ్ నియమము దీనికి సమాధానము చెప్పును. ఒక కీలు వద్ద తుప్పుపట్టి 0.05 ఓమ్ నిరోధము ఏర్పడినదనుకొనుడు. రెండు హెడ్‌లైట్లు కలసి 8 ఆంపియర్లు తీసికొనినచో అచ్చట పోవునది 8 × 0.05 = 0.4 వోల్టు మాత్రమే. 12 వోల్టులలో ఈ తగ్గుదల కంటికి కనపడదు. స్టార్టరు 150 ఆంపియర్లు కోరినచో అదే కీలు వద్ద 7.5 వోల్టులు పోవలెను. మిగులు వోల్టేజితో అంత ప్రవాహమే రాదు, ఇంజను కదలదు. ఒకే కీలు దీపమునకు మంచిదిగాను, స్టార్టరుకు చెడ్డదిగాను ఉండగలదు. పూర్వము 6 వోల్టుల కార్లలో అదే శక్తికి రెండింతల ప్రవాహము కావలసివచ్చెడిది గనుక ఈ బాధ మరింత ఎక్కువగా నుండెను. 1950లలో అమెరికా కార్లు 12 వోల్టులకు మారుటకు గల కారణములలో ఇది యొకటి.

కావున భాగములను మార్చుటకంటె ముందు, సెల్ఫు వేయుచున్నపుడు వోల్టుమీటరుతో కొలువవలెను. పూర్తిగా నిండిన 12 వోల్టుల బ్యాటరీ ఊరకున్నపుడు సుమారు 12.6 వోల్టులు చూపును. సెల్ఫు వేయునపుడు బ్యాటరీ కొనల వద్దనే 9.6 వోల్టుల కంటె క్రిందికి పడిపోయినచో బ్యాటరీ నిండలేదు, లేదా పాడైనది, లేదా స్టార్టరు మితిమీరిన ప్రవాహమును లాగుచున్నది. బ్యాటరీ కొనల వద్ద వోల్టేజి నిలిచియుండి స్టార్టరు వద్ద మాత్రము తగ్గినచో దోషము నడుమ నున్నది. అపుడు మీటరు కొనలలో ఒకదానిని బ్యాటరీ స్తంభముపైన, రెండవదానిని దానికి బిగించిన క్లాంపుపైన ఉంచి సెల్ఫు వేయవలెను. ఆ రెండును తాకియే ఉన్నవి గనుక మీటరు సున్నకు దగ్గరగా చూపవలెను. ఒక వోల్టు చూపినచో దొంగ దొరికినట్లే. ఈ విధముగా ఒక్కొక్క కీలును, సోలినాయిడును, అల్లిక తీగను దాటుచు పోవలెను.

అల్లిక తీగ తెగిన కారులో ఒక విచిత్రమైన చిహ్నము కనిపించును. ఇంజనునుండి బాడీకి తిరుగు త్రోవ లేక, విద్యుత్తు చోకు తీగగుండను, యాక్సిలరేటరు తీగగుండను ప్రయాణించును. సెల్ఫు వేసినపుడు చోకు తీగ వేడెక్కినచో అల్లిక తీగను అనుమానింపవలెను.

ధ్వనులుకూడ సాక్ష్యము చెప్పును. ‘టకటక’ మని వరుసగా కొట్టుకొనినచో బ్యాటరీ బలహీనము: సోలినాయిడు పట్టుకొనగానే వోల్టేజి పడిపోయి విడిచిపెట్టును, వోల్టేజి లేవగానే మరల పట్టుకొనును. మోటారు ‘గిర్రు’న తిరిగి ఇంజను కదలనిచో స్టార్టరు పండ్లచక్రము ముందుకు జరిగి ఫ్లైవీలును అందుకొనుట లేదు.

రవ్వను వెదకుట

ఇంజను చక్కగా తిరుగుచు అంటుకొననిచో, కాయిలునుండి డిస్ట్రిబ్యూటరు మూతకు వచ్చు లావు తీగను ఊడదీసి, మంచి తొడుగుగల పట్టకారుతో ఇంజను లోహమునకు సుమారు 6 మి.మీ. దూరమున ఉంచి సెల్ఫు వేయింపవలెను. నీలిరంగు రవ్వ దూకినచో కాయిలు, పాయింట్లు బాగున్నవి. దోషము మూతలోనో, రోటరులోనో, ప్లగ్గులలోనో ఉండును. వర్షాకాలమున తడిసిన మూతపై తేమదారి వెంట విద్యుత్తు జారిపోవుట తరచుగా జరుగును. పొడిగుడ్డతో తుడిచినంతనే కారు కదలుటయు కలదు.

రవ్వ రానిచో చిన్న బల్బు చాలును. తాళము వేసి, కాయిలునుండి పాయింట్లకు పోవు కొనకును ఇంజను లోహమునకును మధ్య 12 వోల్టుల బల్బును కలిపి ఇంజనును తిప్పవలెను. బల్బు మినుకు మినుకుమనినచో పాయింట్లు తమ పని చేయుచున్నవి. ఆరక వెలుగుచున్నచో పాయింట్లు కలియుట లేదు, వాటి ముఖములు మురికిపట్టియుండును. అసలు వెలుగనిచో కాయిలుకు విద్యుత్తు అందుట లేదు, లేదా పాయింట్లు విడిపోవుట లేదు, లేదా కండెన్సరు లోపల కలిసిపోయినది. మినుకుమనుచున్నను రవ్వ బలహీనముగా నుండి, పాయింట్లు నల్లగా కాలినచో ఫీజో నాటి కండెన్సరే తన పని మానినదని గ్రహింపవలెను. పాయింట్ల మధ్య ఎడము సాధారణముగా 0.4 మి.మీ. ప్రాంతమున నుండును. సరియైన కొలత ఆ కారు పుస్తకములో చూచుకొనవలెను.

ఈ పరీక్షలు అనుభవజ్ఞుల సమక్షముననే జరుపవలెను. గేరు తటస్థముగా నుండవలెను. నిండుచున్న బ్యాటరీనుండి హైడ్రోజను వెలువడును గనుక దానివద్దను, పెట్రోలు కారిన చోటను రవ్వ పుట్టించరాదు. నాటి బ్రిటిషు కార్లలో చాలవాటికి బ్యాటరీ ధనధ్రువమే బాడీకి కలిపియుండెడిది. ఈ సంగతి చూడక బ్యాటరీని తలక్రిందులు చేసి కలుపరాదు.

మిగిలిన పాఠము

పాయింట్ల కాలము గడచిపోయినది. క్రైస్లర్ సంస్థ 1960లో వాలియంట్ కారుతో డైనమోకు బదులు ఆల్టర్నేటరును ప్రవేశపెట్టెను. 1970లలో ట్రాన్సిస్టర్లు పాయింట్ల స్థానమును ఆక్రమించినవి. 1996 నుండి అమెరికాలో అమ్మిన క్రొత్త కార్లన్నియు తమ దోషములను సంకేతాంకములతో తామే తెలుపు ఏర్పాటును కలిగియున్నవి. కాని సంకేతము ఏ వలయములో కొలత తప్పినదో చెప్పును గాని, అందులో ఏ కీలు తుప్పుపట్టినదో చెప్పదు. దానికి వోల్టుమీటరును, కొలుచువాని ఆలోచనయు నేటికిని కావలెను. హ్యాండిలును, సెల్ఫును కూడ ఎరుగని నేటి విద్యుత్తు కార్లు సైతము చాలవరకు ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీని మోయుచున్నవి. అది నిద్రపోయినచో పెద్ద బ్యాటరీ నిండియున్నను కారు మేలుకొనదు.

పాఠశాలలోని 15 వోల్టుల వోల్టుమీటరు, ఒక బల్బు, రెండు తీగలు ఉన్నచో ఓమ్ నియమమును పాత కారు వద్దనే బోధింపవచ్చును. ఒక వోల్టును కొలిచి దొంగకీలును పట్టుకొనిన విద్యార్థి ఆ నియమమును మరువడు. కొలువక భాగములను మార్చుచు పోవువాడు ఎన్ని కార్లు బాగుచేసినను దానిని నేర్చుకొనలేడు.